వెలుగు గీస్తే టెంకాయ అయింది

మా నాయన మా అక్కను చూడడానికి వడమాలపేటకు వచ్చినప్పుడల్లా ఇంటి ముందు తిన్నె మీదే కూర్చునేవాడు. ఇంటినుంచి డబ్బాలో కట్టుకొచ్చిన చిత్రాన్నం అక్కడే తినేవాడు. నీళ్ళు కూడా సొంతవే, సీసాలో. లోపల అక్క సంకటి గెలుకుతూ ఉండేది. ఊరిబిండి పచ్చడి వాసన గడప దాటి వచ్చి ఆయన మీసాల చుట్టూ తిరిగేది. ఆయన మాత్రం రోడ్డు మీద పోయే పుత్తూరు బస్సులను చూస్తూ, చల్లారి ముద్దగట్టిన చిత్రాన్నాన్ని మందు మింగినట్టు మింగేవాడు. ఆ తర్వాత గడపకు ఇవతలే నిలబడి "పోయొస్తానమ్మా" అనేవాడు. అక్క "సరే నాయనా" అని, ఆయన కోసం చేసిన సంకటి ముద్ద తీసుకుపోయి గేదెకు పెట్టేది. ఆ గేదె మా నాయన కోపం తిని ఎంత బలిసిందంటే, కొట్టం తలుపు పట్టక దాన్ని బయటే కట్టేవారు. నమ్మనివాళ్ళు వడమాలపేటలో పాతవాళ్ళను అడగవచ్చు.

ఇదంతా ఒక జెల్లీ ముక్క వల్ల.

మా నాయన ఐరాల దగ్గర బెల్లం వండే మనిషి. మా వైపు బెల్లం కాచే పెద్ద పెనంలో పాకం ఉడుకుతున్నప్పుడు ఎవరు వచ్చినా వట్టి చేతులతో పంపరు. టెంకాయ ముక్కను పుల్లకు గుచ్చి, పాకంలో ముంచి, తీసి ఇస్తారు. అది మర్యాద. మా నాయన ముంచి ఇచ్చిన ముక్క తిని, కరెంటు మీటర్లు చూడడానికి వచ్చిన ఒకాయనకు దవడలు అతుక్కుపోయాయి. పాపం, ఆ పూట మిగిలిన ఊళ్ళన్నిటిలో ఆయన సైగలతోనే పని జరుపుకున్నాడు.

అలాంటి ఇంటి పిల్లను చేసుకున్న మా బావ, పెళ్ళయ్యాక ఎక్కడికో పోయి శిక్షణ తీసుకుని వచ్చి, ఇంటి పక్కనే రోడ్డు వారన రేకుల షెడ్డు వేసి, మామిడి గుజ్జులో దాన్ని గడ్డకట్టించే చైనా గ్రాస్ కలిపి జెల్లీ చేయడం మొదలుపెట్టాడు. మొట్టమొదటి ముక్కను వెండి గిన్నెలో పెట్టి తెచ్చి, ఇంటికొచ్చిన మామ ముందర ఉంచాడు. గిన్నె కింద పెట్టాక కూడా ముక్క ఊగుతూనే ఉంది.

"ఏందిది?" అన్నాడు నాయన.

"జెల్లీ మామా."

"కదల్తా ఉండాదే."

"దాని గుణమే అంత మామా."

"ఇట్ల సూడప్పా. కోడినైనా అది కదలడం మానుకున్నాకనే కదా మనం తినేది? దీనికింకా పానం ఉండాది."

బావ పకపకా నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. నాయన కండువా దులిపి లేచాడు. "మనిషి తినే వస్తువు ఏదన్నా నీ చేత్తో చేసిన నాడు వచ్చి తింటా. అందాకా ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను" అని చెప్పి బయటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. అప్పటినుంచి అదే ఆయన చోటు. ఇద్దరు మగవాళ్ళ పంతం మధ్యలో అక్క వండడం, గేదె తినడం ఆనవాయితీ అయిపోయింది.

నేను అప్పట్లో తిరుపతిలో, రైల్వే స్టేషన్ దగ్గర ఒక సందులో, కంప్యూటరు పెట్టుకుని పెళ్ళి పత్రికలు, విజిటింగ్ కార్డులు చేసేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటి కొంతకాలమైంది. ఫ్లెక్సు బ్యానర్లు కొత్తగా దిగాయి. గోడ మీద కుంచెతో రాసేవాళ్ళందరూ మమ్మల్ని శత్రువులను చూసినట్టు చూస్తున్నారు. నా కంప్యూటరు మంచిదే కానీ నెమ్మదస్తురాలు. ఒక జంట పెళ్ళి పత్రికలో పూలదండకు కాస్త మెరుపు పెట్టి వదిలితే, ఆ మెరుపు తెర మీదికి వచ్చేసరికి ఆ జంట బిడ్డకు పేరు పెట్టే పత్రిక కోసం వచ్చారు. అబద్ధమంటారేమో, ఆ బిడ్డ ఇప్పుడు ఇంజనీరింగ్ చదివి ఖాళీగానే ఉన్నాడు, పోయి అడగండి.

ఒకరోజు అక్క, బావ కలిసి నా షాపుకు వచ్చారు. అక్క చేతిలో టిఫిన్ డబ్బా.

"ఒరే, నాయన బస్సులో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటాడు కదా" అంది అక్క. "మా షెడ్డు ముందర ఫ్లెక్సు కడతాం. జెల్లీ బొమ్మ. అల్లంత దూరం నుంచి సూస్తానే ఆయనకి నోరూరల్ల. దిగి లోపలికొచ్చి తినల్ల."

"అక్కా, అసలు జెల్లీ అంటేనే ఆయనకు పడదు. బొమ్మ చూసి తింటాడా?"

"ఆయనకి పడందేంది? కదలడం. బొమ్మ కదల్దు కదరా!"

అలా ఒక్క ముసలాయన చూడడం కోసం పది అడుగుల ఫ్లెక్సుకు నేను ఒప్పుకున్నాను. అంతకన్నా తక్కువమంది కోసం ఎవరైనా బ్యానరు కట్టి ఉంటే నాకు తెలియదు.

డబ్బాలో నమూనా జెల్లీ ఉంది. చూసి గీయమని బావ దాన్ని తెర పక్కనే పెట్టాడు. గీశాను. నా మొదటి బొమ్మ చూసి బావ, "వాసన సబ్బు మాదిరి ఉండాదప్పా" అన్నాడు. ఇంకోటి గీశాను. కార్డుల కోసం వచ్చిన ఒక కాంపౌండరు వెనకనుంచి తొంగి చూసి, "ఈ కామెర్ల లివరు ఎవరిది?" అని దిగులుగా అడిగాడు. ఈలోగా నమూనాకు చీమలు పట్టాయి. అది ఇంతకుముందు కన్నా ఎక్కువ కదలడం మొదలుపెట్టింది.

"లోపలినుంచి అవతల కనపడల్ల బామ్మర్దీ" అంటాడు బావ. "అద్దం మాదిరి. కానీ అద్దం కాదు. తడిగా ఉండల్ల. కానీ నీళ్ళు కాదు."

ఆ విద్య నేను నెట్ సెంటరుకు పోయి నేర్చుకున్నాను. ఎవరో పుణ్యాత్ముడు ఇంగ్లీషులో బొమ్మలతో సహా పెట్టాడు. ఒక్కో బొమ్మ తెర మీదికి దిగేలోపు కునుకు తీసి లేవచ్చు. ఆయన చెప్పిన దాని సారం ఏమిటంటే, గాజు లాంటి వస్తువును గీయాలంటే ఆ వస్తువును గీయకూడదు. దాని మీద పడిన వెలుగును గీసి, వస్తువు సంగతి చూసేవాడికి వదిలేయాలి. ఇది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. పెళ్ళి చూపుల్లో మా వాళ్ళు చేసేది కూడా ఇదే కదా అనిపించింది.

వచ్చి మొదలుపెట్టాను. ముందు కోడిగుడ్డు లాంటి గీత. దాని అంచున బెల్లం రంగు, పైన ముదురు బంగారం, కిందికి వచ్చేకొద్దీ లేత పసుపు. వెలుగు పైనుంచి పడితే పైభాగమే లేతగా ఉండాలని మనం అనుకుంటాం. కాదు. వెలుగు లోపలికి దూరి, టీ గ్లాసులో చక్కెర మాదిరి, పోయి అడుగున కూర్చుంటుంది. తర్వాత ఆ గుడ్డుకే ఇంకో నకలు తీసి, చిన్నది చేసి, ఒక పక్క కొరికేసినట్టు కత్తిరిస్తే నెలవంక వస్తుంది. దానికి తెలుపు పోసి, పైన ఎడమ మూలన పెట్టాలి. ట్రాన్స్‌పరెన్సీ అనే పనిముట్టు పట్టుకుని పైనుంచి కిందికి మెల్లగా లాగితే, ఆ తెలుపు పైన చిక్కగా ఉండి కిందికి వచ్చేకొద్దీ ఆవిరైపోతుంది. ఆఖరున నీడ. నల్లటి నీడ వేశామా, రాయి అయిపోతుంది. జెల్లీ గుండా వచ్చిన వెలుగు కాబట్టి నీడకు కూడా కాస్త మామిడిపండు రంగు పూయాలి.

మౌస్ వదిలి టీకి పోయి వచ్చాను. తెర మీద జెల్లీ కూర్చుని ఉంది. తడిగా, నున్నగా, వేలు పెడితే దిగబడేటట్టు. వెనక పరిచిన మామిడాకు బొమ్మ దాని గుండా మసకగా కనిపిస్తోంది. బావ లేచి మానిటరు వెనక్కి పోయి తొంగి చూశాడు, అక్కడేమన్నా పెట్టానేమోనని. అదే రోజు అరటిపండు కోసం షాపులో దూరిన కోతి ఒకటి అరటిపండు వదిలేసి తెరను నాకింది. టీ కొట్టాయన సాక్షి. కోతి నాకింది నిజమే కానీ, ముందు రోజు తెర మీద ఎవరో పాయసం ఒలికించారని ఆయన అంటాడు. ఆయన మాట వదిలేయండి.

ఫ్లెక్సు వేసే మిషను నాకు లేదు. ఫైలు సీడీలో వేసి బావకు ఇచ్చాను. ఆయన ఊరి చివర ఉన్న ప్రింటింగు వాళ్ళ దగ్గర వేయించుకుని, చుట్ట చుట్టి బస్సు టాపు మీద వేసుకుని నేరుగా వడమాలపేట తీసుకుపోయాడు. షెడ్డు ముందు కట్టేశాడు కూడా. నాయన వచ్చే రోజు తెలుసుకుని, ఆయన నోరూరే దృశ్యం చూద్దామని నేను పొద్దున్నే బస్సెక్కాను.

బస్సు దిగి తలెత్తి చూశాను.

ప్రింటింగు వాళ్ళ దగ్గర ఉన్నది పాతకాలపు సాఫ్ట్‌వేరు. దానికి ఆవిరి కావడం అంటే తెలియదు. పైన చిక్కగా మొదలై కిందికి కరిగిపోవాల్సిన నా తెల్లటి వెలుగును అది కరగనివ్వలేదు. నెలవంక మొత్తం సున్నం కొట్టినట్టు గట్టి తెలుపు, కత్తితో కోసినట్టు అంచులు. బంగారు రంగు జెల్లీలో పైన ఎడమ మూలన అది దిగబడి ఉంది.

కింద బస్సు కోసం నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు దాన్నే చూస్తున్నారు.

"ఆ తెల్లంగా ఉండేదేందిమే?"

"టెంకాయ ముక్క కదా, కనపళ్ళేదా?"

బావ ఉండబట్టలేక కలగజేసుకున్నాడు. "టెంకాయ కాదమ్మా. అది వెలుగు."

"వెలుగా? దాన్ని తింటారా?"

"తినరు. అది ఊరికే ఉంటాది."

"ఊరికే ఉండేదాన్ని అంత పెద్దగా ఎందుకేసినారప్పా?" అని ఆమె బస్సెక్కి పోయింది. బావ నా వైపు తిరిగాడు. నేను ఫ్లెక్సు వైపు తిరిగాను.

దాన్ని విప్పేద్దామని నిచ్చెన తెచ్చేలోపే చిత్తూరు వైపునుంచి బస్సు వచ్చి ఆగింది. మొదట డబ్బా దిగింది, తర్వాత నీళ్ళ సీసా, తర్వాత మా నాయన. దిగినవాడు దిగినచోటే నిలబడిపోయాడు. తల పైకెత్తి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కింద పేరేమిటో కూడా చదవకుండా ఆ తెల్ల ముక్కనే చూశాడు. ఆయన గొంతులో ముడి పైకి కిందికి కదిలింది. ఆ తర్వాత నేను చూసింది చెబుతున్నాను. ఆయన చిత్రాన్నం డబ్బా తిన్నె మీద పెట్టాడు, సీసా దాని పక్కన పెట్టాడు, చెప్పులు విడిచాడు, గడప దాటి లోపలికి పోయాడు.

అక్క చేతిలో గరిటె అలాగే గాల్లో ఆగిపోయింది.

"నీ మొగుడు దారికొచ్చినాడమ్మా" అన్నాడు నాయన, పీట లాక్కుని కూర్చుంటూ. "పాకంలో టెంకాయ! ఈ మాత్రం బుద్ధి ముందే ఉండుంటే ఇన్నాళ్ళు నేను ఎండలో కూర్చునే పనే లేదు. యాడ, తే సూద్దాం."

మేం ముగ్గురం వంటింట్లోకి పోయాం. పళ్ళెంలో జెల్లీ ఉంది, ముద్దుగా వణుకుతోంది. దాంట్లో టెంకాయ లేదు.

"ఆయనకి అది టెంకాయ కాదని చెప్పేద్దాం" అన్నాను నేను గుసగుసగా.

"చెప్పినావంటే నీ నాలుక కోస్తా" అంది అక్క. "గడప దాటినాడురా! చూసినావు కదా? దాటినాడు! టెంకాయ యాడుండాది?"

బావ గొంతు సవరించుకున్నాడు. "దేవుడి మూల ఒకటుండాది. కానీ అది మొక్కు కాయ. కాణిపాకం వినాయకుడికి."

"ఏమని మొక్కినావు?"

"మామ మనింట్లో తింటే తీసుకుపోయి కొడతానని."

"ఇప్పుడు తినబోతా ఉండాడు కదా!"

"తినలేదు కదా ఇంకా! తినకముందే కొడితే ఎట్లా? దేవుడు ఇంకా పని చెయ్యకముందే ఆయన కాయ మనం తినేస్తే..."

"కాయ కొట్టకపోతే ఆయన తినడు!"

"ఆయన తినకపోతే కాయ కొట్టకూడదు!"

రెండూ నిజమే. న్యాయశాస్త్రం చదివినవాడు కూడా ఆ వంటింట్లోంచి బయటపడలేడు. బయటినుంచి నాయన దగ్గాడు. ఆకలిగా ఉన్నవాడి దగ్గు.

అక్క గబగబా పోయి దేవుడి మూలనుంచి కాయ తెచ్చింది. "మొక్కు నీది. నాయన నావాడు" అని ఒక్క దెబ్బకు రోటి అంచున పగలగొట్టింది. బావ చేతులు జోడించి, కంగారులో కాణిపాకం ఎటు ఉందో మరిచిపోయి పుత్తూరు వైపు తిరిగి దండం పెట్టి, ఇంకో కాయ ఇస్తానని ఒప్పందం మార్చుకున్నాడు.

కత్తిపీట నా ముందుకు వచ్చింది. "గీసినోడివి నువ్వే కదా, నువ్వే కొయ్యి" అంది అక్క. ఫ్లెక్సులో ఉన్నట్టే నెలవంక రావాలి. మౌస్‌తో ఎన్ని వంపులు గీసినవాణ్ణి, టెంకాయ దగ్గర మొదటి ముక్కనే పాడుచేశాను. తప్పు పోతే వెనక్కి లాగే మీట కత్తిపీటకు లేదు. ఎట్లాగో ఒక వంక తీసి జెల్లీలోకి దించబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ కాదప్పా! ఎడంపక్క. పైన."

దించాం. అది సరిగ్గా నా బొమ్మే. ఇక మిగిలింది కదలడం. అక్క ఆ పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, నిండు కుండ నెత్తిన పెట్టుకున్నట్టు, ఒక్కో అడుగు వేస్తూ నడిచింది. బావ ముందుగా పరుగెత్తి ఫ్యాను ఆపేశాడు. నేను ఊపిరి బిగబట్టాను, నా ఊపిరికి జెల్లీకి సంబంధం లేకపోయినా. పళ్ళెం నాయన ముందర దిగింది. జెల్లీ రాయిలా ఉంది. అప్పుడే, ఎన్నడూ లేనిది, రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి ఇల్లదిరేటట్టు పోయింది.

జెల్లీ మొత్తం గడగడా వణికింది.

నాయన కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "ఏందమ్మా, ఇదింకా కదల్తానే ఉండాది?"

అక్క వంగి పళ్ళెంలోకి చూసి, చాలా మామూలుగా అంది: "పాకం కదల్తా ఉండాది నాయనా. టెంకాయ కదల్లేదు సూడు."

నాయన చూశాడు. తల వంచి ఒక కన్ను మూసి చూశాడు. "అవును. టెంకాయ కదల్లే" అన్నాడు. వేళ్ళతో ఆ తెల్ల ముక్కను పట్టుకుని, దానికి అంటుకున్న జెల్లీతో సహా తీసి నోట్లో వేసుకున్నాడు. కరకరా నమిలాడు. మళ్ళీ నమిలాడు. వంటింటి గుమ్మంలో బావ ముఖం చూస్తే, ఫలితాల కాగితం కోసం నిలబడిన పిల్లవాడిలా ఉంది.

"పాకం లేత" అన్నాడు నాయన చివరికి. "తొందరపడి దించేసినావు అల్లుడా. ఇంకా ముదరనియ్యల్ల. అచ్చుకే రాదు ఇది."

"సరే మామా" అన్నాడు బావ. ఈసారి నవ్వలేదు.

నాయన వేళ్ళు నాక్కుని, అక్క వైపు తిరిగి, ఏమీ జరగనట్టు అడిగాడు. "సంకటి ఉండాదా?"

అక్క పెట్టిన సంకటి ముద్ద నేనిప్పటిదాకా చూసిన వాటిలో పెద్దది. ఇన్నాళ్ళు పెట్టనివన్నీ కలిపి ఒకటే ముద్ద చేసిందనిపించింది. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది, పక్కన ఊరిబిండి. నాయన మాట్లాడకుండా తిన్నాడు. అక్క పక్కనే కూర్చుని, చెంబులో నీళ్ళు అయిపోకముందే నింపింది, అది నిండి పొర్లి నేల తడిసినా చూసుకోలేదు. కిటికీలోంచి గేదె తల లోపలికి పెట్టి, తన ముద్ద ఎవరో తింటుంటే చాలాసేపు చూసింది. అంత బాధ పడిన గేదెను నేను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత బావ కష్టాలు వేరు. ఫ్లెక్సు చూసి వచ్చినవాళ్ళందరూ టెంకాయ ఏదని అడిగారు. ఇక చేసేది లేక ప్రతి ముక్కలోనూ ఒక నెలవంక దించడం మొదలుపెట్టాడు, ఎడంపక్క పైన. నాయన ప్రతి వారం వచ్చి పక్కనే పీట వేసుకుని కూర్చుని, టెంకాయ కోసే తీరు చూసి తిట్టేవాడు, మధ్యాహ్నం లోపలికి పోయి తినేవాడు. డబ్బా తేవడం మానేశాడు. ఆయన గొంతు తగ్గేది కాదని అక్క నాకు ఫోనులో ఫిర్యాదు చేస్తూనే ఉండేది. ఆ ఫిర్యాదు చెప్పేటప్పుడు ఆమె గొంతు కూడా తగ్గేది కాదు.

కొన్నాళ్ళకు నాయన తిరుపతిలో నా షాపుకే వచ్చాడు. ఫ్లెక్సు ఎండకు వెలిసింది, కొత్తది వేయించాలి. ఈలోగా ప్రింటింగు వాళ్ళు కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చారు కాబట్టి, ఈసారైనా నా వెలుగు వెలుగుగానే వస్తుందని సంబరంగా ఫైలు తెరిచాను. తెర మీద జెల్లీ మెరిసింది, పైన ఆ తెలుపు మంచులా కరిగిపోతూ.

నాయన దగ్గరికి వచ్చి, వేలు పెట్టి తెర మీద రుద్దాడు.

"ఏమిరా, సగం టెంకాయ యాడికి పోయింది?"

"అది టెంకాయ..." అని మొదలుపెట్టి ఆయన ముఖం చూశాను. అక్క పెట్టిన సంకటితో బుగ్గలు నిండాయి ఆయనకు. "...అరిగినట్టుంది నాయనా."

"ఇంటికొచ్చినోడికి అంత పలసంగా కోసిస్తారా ఎవురన్నా? మన మర్యాదేం కావల్ల? లావు చెయ్యి."

నేను ట్రాన్స్‌పరెన్సీ తీసేశాను. నెలవంకను పట్టుకుని లాగాను.

"ఇంకా" అన్నాడు నాయన.